పుట్టకమునుపే తెలియు వ్యాధి

ధ్యానమునకు: కీర్తనలు 139:13–16, యోహాను 9:1–3, గలతీయులకు 6:2



ఈ నెల ధ్యానమునకు మేము తీసికొన్న సంగతి మన పల్లె సంఘములలో తరచుగా వినబడునది కాదు. అయినను అది మన గడపలోనికే వచ్చినది. మన సంఘములోని ఒక పెద్ద తల్లి ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, అందరు వెళ్లువరకు వెనుక బల్లమీదనే కూర్చుండి, తరువాత మాయొద్దకు వచ్చెను. ఆమె కుమార్తె మేనమామ కుమారుని వివాహమాడి అమెరికాలో కాపురముండుచున్నది. ఇప్పుడు గర్భవతి. ఆ దేశములో గర్భవతులకు కొన్ని వంశపారంపర్య వ్యాధుల విషయమై రక్తపరీక్ష చేయించుకొందురా అని వైద్యులు అడుగుట వాడుక. ఆ పరీక్షలో సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధికి కారణమగు లోపము భార్యాభర్తలిద్దరియందును దాగియున్నట్లు తేలినది. ఇక ఉమ్మనీరు తీసి పరీక్షించినయెడల, కడుపులోని బిడ్డకు ఆ వ్యాధి ఉన్నదో లేదో తెలియునని వైద్యులు చెప్పిరట. కుమార్తె తల్లికి ఫోను చేసి ఏడ్చినది.

"అయ్యగారూ, ఆ పరీక్ష చేయించుకుంటే పాపమా?" అని ఆ తల్లి మమ్మును అడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. తెలియని సంగతిమీద తీర్పు చెప్పుట బోధకులకు తగదు. కొద్ది దినములు గడువు అడిగి, ఆ వ్యాధిని గూర్చియు ఆ పరీక్షను గూర్చియు తెలిసికొంటిమి. తెలిసికొన్నదానిని మీ ముందు ఉంచుచున్నాము.

మన ఊపిరితిత్తులు, క్లోమము, ప్రేగులు, చెమట గ్రంథులు అను వీటి కణములలో ఉప్పు లోనికిని వెలుపలికిని పోవుటకు మిక్కిలి చిన్న ద్వారములు ఉన్నవి. ఈ వ్యాధిలో ఆ ద్వారములు సరిగా పనిచేయవు. అందువలన పలుచగా ఉండవలసిన కఫము జిగురువలె చిక్కబడును. ఊపిరితిత్తులలో అది నిలిచిపోయి మాటిమాటికి చీము పట్టును. క్లోమమునుండి జీర్ణరసము ప్రేగులలోనికి దిగదు గనుక, బిడ్డ ఎంత తిన్నను ఒంటికి పట్టదు. చెమటలో ఉప్పు మితిమీరి పోవును. ముద్దు పెట్టుకొన్నప్పుడు నుదురు ఉప్పగా తగులు బిడ్డ ఎక్కువ కాలము బ్రదుకదని ఐరోపా ఖండపు పల్లెలలో పూర్వము ఒక నమ్మకము ఉండెను. అది ఈ వ్యాధినిగూర్చినదే అని నేటి వైద్యులు తలంచుచున్నారు.

1938లో న్యూయార్కులో డొరొతి ఆండర్సన్ అను వైద్యురాలు దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా వివరించెను. 1948లో ఆ పట్టణములో వడగాడ్పులు వీచినప్పుడు ఈ పిల్లలు ఇతరులకంటె ఎక్కువగా సొమ్మసిల్లుటను వైద్యులు గమనించిరి. 1953లో పాల్ డి సాంట్ ఆగ్నీస్ అను వైద్యుడు వారి చెమటలో ఉప్పు అధికముగా ఉన్నదని తెలియజేసెను. 1959నుండి చెమటలోని ఉప్పును కొలిచి వ్యాధిని నిర్ధారించు సులువైన పరీక్ష ఆచరణలోనికి వచ్చెను. ఆ కాలములో ఈ వ్యాధితో పుట్టిన బిడ్డ బడికి పోవు వయస్సు చేరుటయే అరుదు.

ఇది అంటువ్యాధి కాదు. శాపమును కాదు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపములు కలిసినప్పుడే బిడ్డకు వ్యాధి వచ్చును. ఒక్కటే ఉన్నవారు ఆరోగ్యవంతులుగానే జీవింతురు. తమలో అది ఉన్నదని వారికే తెలియదు. అట్టి ఇద్దరు దంపతులైనప్పుడు, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు వ్యాధి కలుగుటకును, మూడు వంతులు కలుగకపోవుటకును అవకాశము. ఐరోపా జాతులవారిలో సుమారు 25 మందిలో ఒకరికి ఈ లోపము ఉన్నది. మన దేశములో ఇది అంతకంటె అరుదు. అయినను మనయొద్ద ఈ వ్యాధిగల బిడ్డలను క్షయయనియో, న్యుమోనియాయనియో, తిండి చాలకపోవుటయనియో పొరబడుట కలదు. మేనరికములలో భార్యాభర్తలిద్దరును ఒకే తాత అవ్వల సంతతి గనుక, ఒకే లోపము రెండు వైపులనుండి బిడ్డకు చేరుటకు ఎక్కువ వీలున్నది. మన తెలుగు కుటుంబములు ఈ సంగతిని తెలిసికొనుట మంచిది.

ఇక పరీక్ష సంగతి. 1983లో ఎడింబరో పట్టణమున డేవిడ్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు ఉమ్మనీటిలోనికి బిడ్డ ప్రేగులనుండి వచ్చు కొన్ని రసాయనములను కొలిచి ఈ వ్యాధిని గుర్తింపవచ్చునని ప్రకటించెను. ఆ రసాయనములు తక్కువగా ఉన్నచో వ్యాధి ఉన్నదని అనుమానించెడివారు. ఆ పరీక్షకు గర్భము 17, 18 వారములు నిండువరకు ఆగవలసి యుండెను. అందులో రెండు విధములుగాను పొరపాట్లు జరిగెడివి: ఆరోగ్యముగల బిడ్డను రోగియనియు, రోగిని ఆరోగ్యవంతుడనియు చెప్పుట సంభవించెను. 1989లో లాప్ చీ త్సుయి, జాన్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును ఈ వ్యాధికి కారణమైన జన్యువును కనుగొనిరి. వారిలో కాలిన్స్ క్రీస్తునందలి తన విశ్వాసమును బహిరంగముగా ఒప్పుకొన్నవాడు. నాటినుండి పాత రసాయన పరీక్ష వెనుకబడెను. ఇప్పుడు 15 వారములు దాటిన తరువాత సన్నని సూదితో రెండు మూడు చెంచాల ఉమ్మనీరు తీసి, అందులోని బిడ్డ కణములలో ఆ జన్యువునే చూచుదురు. దీనివలన గర్భము పోవు ప్రమాదము కొద్దిగా ఉన్నది. నేటి అంచనా వెయ్యింటికి ఒకటి మొదలు మూడు వరకు.

ఆ ఉమ్మనీరు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో మనము విడదీసి చూడవలెను. తల్లిదండ్రులలో ఏ లోపమున్నదో ముందే తెలిసినయెడల, బిడ్డకు వ్యాధి సంక్రమించినదా లేదా అని అది చాలవరకు ఖచ్చితముగా చెప్పును. కాని ఆ జన్యువులో ఇంతవరకు 2000కు పైగా మార్పులు కనబడినవి. కొన్ని కఠినమైనవి, కొన్ని తేలికైనవి, కొన్నిటి స్వభావము నిశ్చయముగా తేలనిది. ఒకే మార్పుగల అన్నదమ్ములలో సహితము ఒకడు నీరసించును, మరియొకడు చాలకాలము బలముగా ఉండును. అది వ్యాధి పేరు చెప్పును గాని, బిడ్డ ఆయుష్షు చెప్పదు. ఆ బిడ్డ నవ్వును, పాటను, ఎవరికి ఎట్టి ఆదరణ కాబోవునో దానిని చెప్పదు. ఎవరి కంటికిని అందని ఆ దశలోనే దేవుని దృష్టి మనిషిమీద నిలిచియున్నదని 139వ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది. వైద్యుని దుర్భిణి చూచునది సత్యమే. అయితే దేవుడు చూచునంత అది చూడలేదు.

అట్లయిన పరీక్ష పాపమా? కాదని మా నిశ్చయము. తెలిసికొనుట పాపము కాదు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలదా అని ప్రభువే జనులను అడిగెను (లూకా 14:28). వ్యాధియున్నదని ముందే తెలిసిన తల్లి మంచి ఆసుపత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసికొనవచ్చును. ఈ బిడ్డలలో కొందరికి పుట్టుకతోనే ప్రేగు మూసికొనిపోవును గనుక అది ప్రాణము నిలుపు జాగ్రత్త. మొదటి వారమునుండియే ఆహారముతోపాటు జీర్ణరసపు మందులను, వీపు తట్టి కఫము తీయు పద్ధతిని ఆరంభింపవచ్చును. ఇటీవలి సంవత్సరములలో కొద్దిమంది తల్లులు గర్భవతులై యుండగానే ఈ వ్యాధి మందును పుచ్చుకొనగా, కడుపులోని బిడ్డ ప్రేగులోని అడ్డు తొలగినట్లు వైద్యులు వ్రాసియున్నారు. బిడ్డను స్వస్థపరచుటకు తెలిసికొనుట ప్రేమకార్యమే.

కాని అదే సూది మరియొక పనికిని ఉపయోగపడును. మన దేశపు అనుభవమే ఇందుకు సాక్షి. 1970ల చివరినుండి ఇదే ఉమ్మనీటి పరీక్షను కడుపులోనిది ఆడపిల్లయా అని తెలిసికొనుటకు వాడి, లెక్కలేనన్ని ఆడశిశువులను పుట్టకుండ చేసిరి. అందుచేతనే 1994లో లింగనిర్ధారణను నిషేధించు చట్టము చేయవలసి వచ్చెను. వ్యాధులను కనుగొనుటకు మాత్రము ఆ చట్టము అనుమతి నిచ్చుచున్నది. నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఫరో హెబ్రీ మంత్రసానులకు ఇచ్చిన ఆజ్ఞ ఎట్టిది? బిడ్డను చూచుట, చూచి బ్రదుకనిచ్చుటయో చంపుటయో నిర్ణయించుట. చూచుట ఆ మంత్రసానుల వృత్తి. వారు దానిని మానలేదు. రాజు కోరిన తీర్పును మాత్రము వారు నెరవేర్చలేదు. వారు దేవునికి భయపడిరి.

కనుక సూదికంటె ముందుగా దంపతులు తమలో తాము అడుగుకొనవలసిన ప్రశ్న ఒకటున్నది: దేనికొరకు తెలిసికొనగోరుచున్నాము? బిడ్డను ఎదుర్కొని చేర్చుకొనుటకా? లేక బిడ్డ బ్రదుకదగునో లేదో తూచుటకా? వ్యాధి ఉన్నదను కారణముచేతనే ఒక ప్రాణమును తీసివేయుట దేవుని చిత్తమని మేము చెప్పజాలము. తల్లి ప్రాణమే అపాయములో ఉన్న సందర్భము వేరు. దానిని ఇక్కడ చర్చించుట లేదు.

దీనికి చరిత్రలోను ఒక హెచ్చరిక ఉన్నది. జన్యువు కనుగొనబడిన 1989లో ఈ వ్యాధితో పుట్టిన బిడ్డను తలంచుకొనుడి. నాటి లెక్కప్రకారము వాని భవిష్యత్తు చీకటి. వాడు ముప్పది ఏండ్లవాడైన 2019లో, ఆ పాడైన ద్వారములనే కొంతవరకు సరిచేయు మూడు మందుల కూర్పు అమెరికాలో అనుమతి పొందెను. ఈ రోగులలో పదింట తొమ్మండుగురికి అది పనిచేయవచ్చును. నేడు అక్కడ పుట్టు ఇట్టి బిడ్డలలో సగముమంది ఏబది ఏండ్లు దాటి జీవింతురని అంచనా. 1989లో పుట్టకమునుపే తీర్పు తీర్చినవారి లెక్కలో ఈ మందు లేదు.

అయితే ప్రియులారా, ఇక్కడ ఆగి సంతోషించుట న్యాయము కాదు. ఆ మందు వచ్చినప్పుడు దాని వెల సంవత్సరమునకు సుమారు 3 లక్షల డాలర్లు. మన పేద కుటుంబముల చేతికి అది అందదు. పదవవానికి అది పనిచేయదు. దానికొరకు కనిపెట్టుచు చనిపోయినవారు ఎందరో. మందు దొరకును గనుక బిడ్డ విలువగలవాడు అని మనము చెప్పినయెడల, మందు దొరకని బిడ్డకు విలువ లేదని చెప్పినట్లగును. అది సువార్త కాదు.

ఇంతవరకు ఆలోచించి, మేము ఆ తల్లి ఇంటికి వెళ్లి ఈ మాటలు చెప్పితిమి. ఆమె ఓపికగా వినెను. తరువాత గోడమీద ఉన్న ఒక పాత ఛాయాపటమును చూపి ఇట్లనెను:

"అయ్యగారూ, వీడు మా పెద్దవాడు. నాలుగేళ్లు బ్రతికాడు. పుట్టిన దగ్గరనుంచి దగ్గే. ఎంత పెట్టినా ఒంటికి పట్టేది కాదు. ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉండేవాడు. వాడికేమి జబ్బో ఎవరూ చెప్పలేదు. మా పాపమే అన్నారు. క్షయ అంటుకొంటుందని పిల్లలను మా వాకిట్లోకి రానిచ్చేవారు కారు. ఆ నాలుగేళ్లలో మన సంఘంలోనుంచి మా గడప తొక్కినవారు ఇద్దరే. పాపమా అని మిమ్మల్ని అడిగాను గాని, అది నా కూతురు అడిగించిన మాట. నేను అడిగేది వేరు. ఆ బిడ్డ అలాగే పుడితే, మీరంతా మా ఇంటికి వస్తారా?"

ఆ బిడ్డకు వచ్చినది ఈ వ్యాధియే అని చెప్పుటకు ఇప్పుడు ఆధారము లేదు. కాని ఆ తల్లి ప్రశ్నకు మా నోట మాట రాలేదు. పరీక్ష పాపమా అని శోధించుచు మేము ఎన్నో సంగతులు తెలిసికొంటిమి. మన సంఘము 1980లలో చేసిన పాపము మాత్రము మా లెక్కలోనికి రాలేదు.

పుట్టుగ్రుడ్డియైన మనుష్యుని చూచి, తప్పు వానిదా కన్నవారిదా అని శిష్యులు ప్రభువును ప్రశ్నించిరి. ఆయన వానిమీదగాని, కన్నవారిమీదగాని నేరము మోపలేదు. ఆ ప్రశ్నను ప్రక్కకు నెట్టి, దేవుని పని వానియందు కనబడవలెనని చెప్పి, ఆ పనికి తానే చేయి వేసెను. మనము శిష్యుల ప్రశ్నను ఉంచుకొంటిమి. ప్రభువు చేసిన పనిని విడిచితిమి. తోటివాని బరువు క్రింద భుజము పెట్టుటయే క్రీస్తు నియమమును నెరవేర్చుటయని పౌలు గలతీయులకు బోధించెను. గర్భమును తీసివేయకుమని ఒక తల్లికి చెప్పు సంఘము, ఆ బరువులో తన పాలు ఎత్తుకొననియెడల, పరిసయ్యులవలె ఇతరుల భుజములమీద మోపులు పెట్టి తాను వ్రేలైనను కదపనిదగును. ఒంటరియై, భయపడి, ఆదరించువారు లేక ఆ దారి త్రొక్కిన తల్లులు మనలో ఉండవచ్చును. వారిమీద రాయి వేయుటకు మనకు అధికారము లేదు. ప్రభువు కృప వారికిని ఉన్నది. వారిని ఒంటరిగా విడిచిన మనకును అది కావలెను.

మన సంఘములు ఈ విషయములో చేయగలిగినవి గొప్ప కార్యములు కావు. బిడ్డ జబ్బును శాపమనియు, కన్నవారి పాపఫలమనియు పలుకు మాటను మన ఇండ్లలో మాన్పింతము. మాటిమాటికి దగ్గుచు, తిన్నను ఎదుగక, చెమట ఉప్పు తేలు బిడ్డ కనబడినయెడల, చెమట పరీక్ష చేయు పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవుటకు దారిఖర్చులు సమకూర్చుదము. ఇట్టి బిడ్డవలన మన పిల్లలకు వ్యాధి అంటదు. మన పిల్లల జలుబే ఆ బిడ్డకు అపాయము. కనుక జలుబున్న దినమున దూరముగా నుండి, తక్కిన దినములలో తప్పక వెళ్లుదము. మేనరికము కుదుర్చుకొను కుటుంబములలో పూర్వము బిడ్డలు చిన్నతనముననే జబ్బుతో పోయియున్నచో, పెండ్లికి ముందే జన్యు వైద్యుల సలహా అడుగుదము. మనలో ఇంతకంటె ఎక్కువగా కనబడు తలసీమియా, మన్యప్రాంతములలోని సికిల్ సెల్ వ్యాధుల విషయములోను ఇదే న్యాయము. అన్నిటికంటె ముందు, తల్లికి ఒక రాత్రి నిద్ర దొరకునట్లు బిడ్డయొద్ద కూర్చుండుట నేర్చుకొందము. యోబు స్నేహితులు చేసిన మేలు వారు నోరు తెరువక నేలను కూర్చున్న ఏడు దినములే.

ఆ తల్లికి మేము చివరకు చెప్పిన జవాబు ఇది: "అమ్మా, పరీక్ష పాపము కాదు. ఎందుకొరకు తెలిసికొనుచున్నారో దానిని భార్యాభర్తలిద్దరు ముందుగా దేవుని సన్నిధిని స్థిరపరచుకొనవలెను. మీరు అడిగిన రెండవ ప్రశ్నకు మేమొక్కరమే జవాబు చెప్పలేము. దానిని సంఘము ముందు పెట్టుదుము." మరుసటి ఆదివారము ఆమె అనుమతితో పెట్టితిమి. సంఘమంతయు చాలసేపు మౌనముగా నుండెను. ఆ సాయంకాలము ఆరు కుటుంబములు ఆమె ఇంటికి వెళ్లినవి. నాడు పిల్లలను ఆ వాకిటికి రానీయని ఒక వృద్ధురాలు అందరికంటె ముందుగా లోపలికి పోయి, ఆ ఛాయాపటము ముందు నిలిచి, బిడ్డ పేరేమని అడిగెను. ముప్పది ఏండ్లకు పైగా ఆ పేరు ఎవరును అడిగియుండలేదు.

అమెరికాలో పరీక్ష ఫలితమేమి వచ్చెనో మేము ఇక్కడ వ్రాయము. అది ఆ దంపతుల సంగతి. ఫలితము ఏదైనను మన జవాబు మారకూడదు. ఈ మాట చదువు ప్రతి సంఘమును తన ఊరిలోని ఒక్క గడపను జ్ఞాపకము చేసికొనును గాక. ఈ వారమే ఆ గడప త్రొక్కును గాక.

ప్రార్థన: కనబడని చోట మమ్మును చూచిన తండ్రీ, తెలిసికొను జ్ఞానమును మాకిచ్చితివి. తెలిసినదానిని ప్రేమతో వాడు హృదయమును దయచేయుము. భయముతో నున్న తల్లులకు తోడుగా మమ్మును పంపుము. మేము వెళ్లని ఇండ్ల విషయమై మమ్మును క్షమించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమెన్.